కడగకూడని స్పాంజి

ఆగస్టు 4, సోమవారం

ఈ ఇంట్లో తిని కూర్చునేవాళ్లు తక్కువయ్యారని కాబోలు, ఇవాళ రెండు తాబేలు పిల్లలు కూడా వచ్చి చేరాయి.

ఛీ, ఏం రాత ఇది. తమ్ముడు చదివితే? వాడు చదవడులే. వాడు ఏదీ చదవడు, ఏదీ ముట్టుకోడు. ఏడు నెలలుగా ముందుగదిలో కుర్చీ వేసుకుని గోడ చూస్తున్నాడు. అయినా రాసింది కొట్టేయను. నేనూ ఎక్కడో ఒకచోట కక్కుకోవాలిగా.

తెచ్చినవాడు బోల్టు. తమ్ముడితో పాటు లిఫ్టు కంపెనీలో మెకానిక్కు. జేబులో ఎప్పుడూ నాలుగు బోల్టులు గలగలమంటుంటాయని అందరూ అలా పిలుస్తారు. సర్వీసుకు వెళ్లిన అపార్టుమెంటులో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వీటిని ప్లాస్టిక్ గిన్నెలో మెట్ల కింద వదిలేసి పోయారట. పారేయడానికి చేతులు రాక టిఫిన్ డబ్బాలో వేసుకొచ్చాడు. ఒక్కొక్కటీ జామ్ సీసా మూతంత ఉంది.

బోల్టు అసలు వచ్చింది వేరే పని మీద. కంపెనీ కబురు చెప్పడానికి. సెప్టెంబరు పదిహేనున వచ్చి చేరితే సరే, లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇక ఆగేది లేదన్నారట. తమ్ముడు విన్నాడో లేదో, డబ్బాలోకే చూస్తున్నాడు. వేలు పెట్టాడు. చిన్నది ఆ వేలెక్కింది. అప్పుడన్నాడు:

"ఇవి రెండూ అప్పటిదాకా బతికితే వస్తాను."

బోల్టు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ లిఫ్టు ప్రమాదం తర్వాత వాడు వేళాకోళమాడడం నేనెరగను.

ఆగస్టు 5

బతుకుతాయి. బతక్కపోతే నేను ఊరుకుంటానా.

ఆగస్టు 7

పెంపుడు చేపల షాపుకు వాడే వెళ్లాడు. వాడే! గడప దాటమని నేను బతిమాలితే దాటనివాడు, పొద్దున్నే చొక్కా మార్చుకుని చెప్పులేసుకున్నాడు. మా ఆయన కూడా వెళ్లారు, మోసుకురావడానికి.

ట్యాంకు మూడడుగుల పొడుగు. నీళ్లు మాత్రం నాలుగు వేళ్ల లోతే పోశాడు. ఇంత ట్యాంకుకి ఇన్నేనా నీళ్లు అని మా ఆయన ఎగతాళి చేస్తే ఓపిగ్గా చెప్పాడు. పసివి కదా, తిరగబడితే మళ్లీ మామూలుగా పొర్లేంత నీళ్లుండాలట, అలిసిపోయి మునిగేంత ఉండకూడదట. పెరిగే కొద్దీ పెంచాలి. అడుగున రంగు రాళ్లు పోయి, బాగుంటుంది అన్నాను. మింగుతాయక్కా, ఏమీ వద్దు అన్నాడు. ఒక మూల ఎక్కి ఒళ్లు ఆరబెట్టుకోవడానికి చెక్క, దానికి జారకుండా గరుకుగా వాలు. చెక్కకీ అద్దానికీ మధ్య సందులో వేలు పెట్టి చూశాడు, తల ఇరుక్కుంటుందేమోనని. రెండుసార్లు విప్పి బిగించాడు. హీటరు ఒంటికి తగిలి కాలకుండా దాని చుట్టూ తొడుగు. ఫిల్టరు నీళ్లు పీల్చే మూతికి జాలి, కాళ్లు లోపలికి లాక్కోకుండా. చెక్క మీదికి ఒక వేడి దీపం, పక్కన ఎండలాంటి వెలుగిచ్చే ట్యూబు. అది లేకపోతే డిప్ప మెత్తబడిపోతుందట.

వేడి దీపానికి క్లిప్పు ఒకటి చాలదని రెండు వేశాడు. మళ్లీ దానికో గొలుసు. రెండు క్లిప్పులూ ఊడినా దీపం నీళ్లలో పడకూడదని.

"లిఫ్టునైనా ఒక్క తాడు మీద ఎవరూ వేలాడదీయరు కదా బావా" అన్నాడు.

లిఫ్టు అన్న మాట వాడి నోటి వెంట ఏడు నెలల తర్వాత ఇదే రావడం. మా ఆయన నావైపు చూశారు. నేను వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. ఏడుపొచ్చింది, రాకేం చేస్తుంది.

పిల్లలకి పేర్లు కూడా పెట్టాడు. పెద్దదాని పేరు ‘పైకి’, చిన్నదాని పేరు ‘కిందికి’. లిఫ్టు బటన్లు.

ఆగస్టు 8

ఫిల్టరు డబ్బా మూత తీసి చూశాను. చూశానంతే. లోపల స్పాంజి గోధుమరంగులో, జిగటజిగటగా ఉంది. కొత్త ఫిల్టరులో పాత స్పాంజి! షాపువాడు అంటగట్టాడని అరిచాను. కాదక్కా, అడిగి తెచ్చుకున్నాను అన్నాడు. షాపాయన తన ట్యాంకులో నెలల తరబడి నడిచిన స్పాంజి ఇచ్చాడట. ఆ జిగురులో మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయట. తాబేళ్ల మలమూత్రాలతో నీళ్లలో చేరే విషాన్ని అవే విరిచేస్తాయట. అందుకని దాన్ని కుళాయి కింద కడగకూడదు, మరీ మూసుకుపోతే ట్యాంకు నీళ్లలోనే ఒకసారి మెల్లగా పిండి పెట్టెయ్యాలి.

చేపలమ్మేవాడు చెప్పాడు, వీడు విన్నాడు. పద్దెనిమిదేళ్లుగా నేను చేస్తున్నది ఏమిటి? కిడ్నీలు పోయినవాళ్ల రక్తం శుభ్రం చేసే మిషన్లకు నీళ్లు శుద్ధి చేసి పంపే ఆస్పత్రి ప్లాంటు చూసేది నేనే. పైపు లోపల జిగురు పట్టిందంటే క్రిములు కాపురం పెట్టినట్టే. ఆ నీళ్లు మిషన్లోకి వెళితే రోగి చలితో గడగడలాడిపోతాడు. ఒకసారి కళ్లారా చూశాను. జిగురులో మేలట!

ఆగస్టు 10

వాడు తెల్లవారుతూనే లేచి గంట గంటకూ నీటి వేడి చూస్తున్నాడు. కాగితం మీద రాసి గోడకి అతికించాడు. పొద్దున నాలుగు గింజలు, వాటి తలంత మేత, అంతే. తిన్నాక మిగిలింది చిన్న వలతో తీసేస్తాడు. చేతులు సబ్బుతో కడుక్కుంటాడు, నన్నూ కడుక్కోమంటాడు. నాకు చెప్పొచ్చాడు చేతులు కడుక్కోమని!

ఆగస్టు 13

చేశాను. రాయక తప్పదు కాబట్టి రాస్తున్నాను.

నాకు పొద్దున ఆరుకి డ్యూటీ. ఐదింటికి వాడు ఇంకా నిద్రలో ఉన్నాడు. స్పాంజి తీశాను. వేళ్లకి ఆ జిగురు అంటింది. అబ్బ, ఒళ్లు జలదరించింది. బ్లీచు కలిపిన నీళ్లలో పావుగంట నానబెట్టి, శుభ్రంగా పిండి, మూడుసార్లు కడిగి, ప్లాంటు నుంచి తెచ్చిన కాగితపు పట్టీతో చూశాను. బ్లీచు చుక్క మిగల్లేదు, సున్నా. తెల్లగా వచ్చేసరికి ప్రాణం హాయిగా ఉంది. మళ్లీ పెట్టేశాను.

ట్యాంకు ముట్టుకోలేదు. స్పాంజి ఒక్కటే.

ఆగస్టు 14

రెండూ హుషారుగా ఉన్నాయి. చెప్పానా.

ఆగస్టు 17

మళ్లీ కడిగాను. మొన్నటంత జిగురు లేదు.

తమ్ముడు బజారుకు వెళ్లి ఆకుకూర తెచ్చాడు, పిల్లలకి. మనకి కూడా తెచ్చాడు. తొట్టి నీళ్లు ఇంకో వేలు పెంచాడు. మా ఆయన రాత్రి పడుకునే ముందు, మీవాడు బాగుపడుతున్నాడోయ్ అన్నారు. దిష్టి పెట్టకండి అన్నాను.

ఆగస్టు 21

భోజనాల దగ్గర వాడంతట వాడే ఆ రోజు సంగతి ఎత్తాడు. మేమెవరం అడగలేదు.

మాకు తెలిసింది ఇంతే. ఒక బిల్డింగులో మూడో అంతస్తు తలుపు తెరుచుకుంది, అక్కడ లిఫ్టు లేదు. చూసుకోకుండా అడుగేసిన టీచరమ్మ కింది అంతస్తులో ఆగి ఉన్న లిఫ్టు కప్పు మీద పడింది. తుంటి విరిగింది. నాలుగు రోజుల ముందు ఆ లిఫ్టు సర్వీసు చేసింది వీడు. విచారణలో కారణం తేలలేదని రాసి మూసేశారు. అంటే వీడి తప్పు లేదనే కదా, ఇంకా ఏమిట్రా అని వంద సార్లు అడిగాను.

ఇవాళ చెప్పాడు. తలుపుకి తాళం పడితే తప్ప లిఫ్టు కదలకుండా ఒక ఏర్పాటు ఉంటుందట. సర్వీసు చేసేటప్పుడు దాన్ని తప్పించడానికి మెకానిక్కులు చిన్న తీగ ముక్క తగిలిస్తారు. పనయ్యాక తీసేయాలి. లిఫ్టు మొరాయిస్తే కొన్ని బిల్డింగుల్లో వాళ్లే దొంగతనంగా అలాంటి తీగ వేసి నడిపిస్తారు. ప్రమాదం తర్వాత వీడు వెళ్లి చూసేసరికి తీగ లేదు, కానీ అది తగిలించిన గీతలు ఉన్నాయి.

"నేను మర్చిపోయిందాన్ని భయపడి ఎవరైనా తీసేశారో, వాళ్లే వేసుకుని వాళ్లే తీశారో. నా సంచిలో తీగలెన్ని ఉండాలో నాకే తెలీదు. ఆ తప్పు నాదో కాదో ఇక ఈ జన్మకి తెలీదక్కా."

అన్నం చల్లారిపోయింది.

ఆగస్టు 22

ఇరవై నాలుగు రోజులు ఉన్నాయి. ఈ రెండు మూతలంత ప్రాణాల మీద మావాడి బతుకు ఆధారపడింది. నేను జాగ్రత్తగా ఉండాలి.

ఆగస్టు 25

నీళ్లు మసకగా ఉన్నాయి. వాడు గోడ మీది కాగితంలో ‘నీళ్లు మసక’ అని రాసి కింద గీత గీశాడు. షాపాయనకి ఫోన్ చేస్తే ఒక్కోసారి అలా అవుతుంది, స్పాంజి మాత్రం కదపొద్దు అన్నాడట. ఆ ముక్క వాడు నాకు చెబుతుంటే నేను బట్టలు మడతపెడుతున్నాను. మడతపెడుతూనే ఉన్నాను.

మసకకి కారణం మురికి. మురికి ఉన్నచోట స్పాంజి. ఇక రోజు విడిచి రోజు కడగాలి.

ఆగస్టు 27

కడిగాను.

ఆగస్టు 28

నీళ్లకి వాసన కూడా వస్తోంది. ఘాటుగా, ముక్కుకి తగిలేలా. రోజూ కడుగుతాను.

ఆగస్టు 29

కిందికికి కళ్లు వాచాయి. తెరవడం లేదు. మేత ముందు పెట్టినా చూడదు, చూడాలంటే కళ్లు తెరవాలిగా. చెక్కెక్కి అక్కడే ఉంటోంది, నీళ్లలోకి దిగడం లేదు.

నాకు కోపం ఆగలేదు. నువ్వే మేత ఎక్కువేస్తున్నావు, అది కుళ్లి నీళ్లు పాడవుతున్నాయి, కొంచెం వెయ్యమంటే గుప్పెడు వేస్తావు అని గట్టిగా అన్నాను. గుప్పెడు అబద్ధం. నాలుగు గింజలే వేస్తాడు, నాకు తెలుసు. సరే అక్కా, మూడు వేస్తాను అన్నాడు. ఆ కుర్చీ మళ్లీ గోడవైపు తిప్పుకున్నాడు.

ఎందుకన్నాను? భయంతో అన్నాను. భయమేస్తే నాకు నోరు లేస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

ఆగస్టు 30

పశువుల డాక్టరు దగ్గరికి డబ్బా పట్టుకుని వెళ్లాడు. కంట్లో వేయడానికి చుక్కలిచ్చాడట. ముందు నీళ్ల సంగతి చూసుకోండి, ఇది నీళ్ల వల్లే అన్నాడట డాక్టరు. వీడేం చెప్పాడంటే, నీళ్ల గురించి దిగులు లేదండీ, మా అక్క ఆస్పత్రిలో నీళ్ల పనే చేస్తుంది, రోజూ చూస్తుంది అన్నాడట.

నాకు ఇది వాడే చెప్పాడు, కొంచెం గొప్పగా.

ఆగస్టు 31

మా ఆయన అడిగారు, బ్లీచు సీసా ఇంత త్వరగా ఎలా అయిపోయిందని. బాత్రూం కడిగాను అన్నాను. ఏ బాత్రూం అన్నారు. మనకున్నది ఒక్కటేగా, ఎన్ని ఉన్నాయేం అని ఎగిరాను. ఆయన పేపరు మడిచి పెట్టి నా మొహం చూశారు. ఇంకేం అడగలేదు. అడిగితే బాగుండేది.

సెప్టెంబరు 1

ప్లాంటులో పదకొండింటికి క్లోరిన్ చూడాలి. ఇవాళ పదకొండుంబావుకి చూశాను. పద్దెనిమిదేళ్లలో ఇదే మొదటిసారి. నన్ను ఇన్స్పెక్టరమ్మ అని ఏడిపించే హెడ్ నర్సు తలుపు దగ్గర నిలబడి, ఇన్స్పెక్టరమ్మకి కూడా ఆలస్యమవుతుందన్నమాట అంది. నవ్వలేకపోయాను.

సెప్టెంబరు 2, మంగళవారం

డ్యూటీ దిగి ఇంటికి రాలేదు. పొద్దున చిన్న సీసాలో ట్యాంకు నీళ్లు పట్టుకుని పోయాను, తిన్నగా షాపుకు వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు.

షాపాయన పెద్దవాడు. కళ్లజోడు దారానికి కట్టుకుని మెడలో వేసుకుంటాడు. తక్కువ మాట్లాడతాడు. గాజు గొట్టంలో నేను తెచ్చిన నీళ్లు పోసి ఏవో చుక్కలు వేశాడు. పసుపుగా ఉంటే మంచివట, ఆకుపచ్చగా మారే కొద్దీ విషం. గొట్టం ముదురు ఆకుపచ్చగా అయిపోయింది. అంత ముదురు రంగు, ఆయన పోల్చి చూసే రంగుల అట్టలో చివరి గడిలో కూడా లేదు.

"స్పాంజి ఎవరు కడిగారమ్మా?" అన్నాడు.

నాకు తెలియదన్నాను. నోటికి ఎంత సులువుగా వచ్చిందో.

ఆయనే నిదానంగా చెప్పుకొచ్చాడు. ఆ జిగురులో ఉన్నవే ఈ విషాన్ని తినేస్తాయి. అవి చస్తే నీళ్లు చూడ్డానికి ఎంత తేటగా ఉన్నా పిల్లల కళ్లు మండుతాయి. కుళాయి నీళ్లతో కడిగితే కొన్ని చస్తాయి, బ్లీచు పెడితే ఒక్కటీ మిగలదు. పెద్ద తాబేళ్లయితే తట్టుకుంటాయి, ఇవి పసికూనలు. మీ తమ్ముడుగారికి అన్నీ చెప్పాను కదమ్మా, చాలా శ్రద్ధగా విన్నాడు, అతను చేసుండడు అన్నాడు.

అతను చేసుండడు. పరాయివాడికి నా తమ్ముడి మీద ఉన్న నమ్మకం నాకు లేకపోయింది.

ఇంకో పాత స్పాంజి తడి గుడ్డలో చుట్టి ఇచ్చాడు. రోజూ సగం నీళ్లు మార్చమన్నాడు. ఇంటికొచ్చి తమ్ముడితో, పాత స్పాంజి పని చేయడం లేదట, షాపాయన ఇది ఇచ్చాడు అన్నాను. ‘ఎందుకు పని చేయలేదట?’ అన్నాడు. ఏమో అన్నాను.

సెప్టెంబరు 3

చెప్పాలి. కిందికి కొంచెం కోలుకోనీ, అప్పుడు చెబుతాను. ఇప్పుడు చెబితే వాడు ఏమైపోతాడో. వాడి మంచికే.

సెప్టెంబరు 4

వాడి మంచికే అని రాశాను నిన్న. చదివితే నాకే ఎలాగో ఉంది.

సెప్టెంబరు 6

పైకి తింటోంది. కిందికి తినడం లేదు. వాడు దాన్ని అరచేతిలో పెట్టుకుని గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో కళ్లు తుడుస్తాడు. ఆ పెద్ద చేతులు, రెంచి తిప్పే చేతులు, ఎంత మెల్లగా కదులుతాయో. నేను వంటింటి తలుపు పక్కన నిలబడి చూస్తాను. వాడు దాంతో ఏదో చెబుతుంటాడు, వినపడదు. ఒకసారి వినపడింది. ‘నేనేం చేశానో చెప్పు, సరిచేస్తాను’ అంటున్నాడు.

నేను తలుపు దగ్గర నుంచి వచ్చేశాను.

సెప్టెంబరు 7

చెప్పలేదు.

సెప్టెంబరు 8

చెప్పలేదు. ఇవాళ చెబుదామనే కూర్చున్నాను, వాడు టీ ఇచ్చాడు. వాడే పెట్టి తెచ్చాడు. టీ తాగి లేచి వచ్చేశాను.

సెప్టెంబరు 9, మంగళవారం

పొద్దున ఐదుంబావు. కిందికి చెక్క మీదే ఉంది, మెడ బయటికి వాలేసి. ముట్టుకుంటే కాళ్లు లోపలికి లాక్కోలేదు. నేనే ముందు చూశాను. వాడిని లేపలేదు. డ్యూటీకి పోయాను. పిరికిదాన్ని.

సాయంత్రం వచ్చేసరికి వాడు దాన్ని పెరట్లో పూడ్చేశాడు. మట్టి చేతులు కడుక్కుని ఫోన్ అందుకున్నాడు. బోల్టుకి చేశాడు. నేను లేనట్టే నా ముందే మాట్లాడాడు.

"రానురా. రెండూ బతికితే అన్నాను, బతకలేదు. నేను ముట్టుకున్నదేదీ నిలవదు. వేరేవాళ్లని పెట్టుకోమను."

మా ఆయన, ఒరేయ్ అది ఒక తాబేలు అని ఏదో అనబోయారు. వాడు వినలేదు. కుర్చీ గోడవైపు తిరిగింది.

సెప్టెంబరు 10

నిద్ర లేదు. అన్నం సయించలేదు. పైకి మాత్రం పిచ్చిది, నన్ను చూసి మేతకి అద్దం దగ్గరికి వస్తోంది.

నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కారణం తేలలేదు అని మూసేయొచ్చు.

ఈ వాక్యం రాసి, కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

సెప్టెంబరు 11, గురువారం

డ్యూటీకి వెళ్లలేదు. చెప్పాను.

మా ఆయన ఆఫీసుకు వెళ్లాక కుర్చీ ముందు నిలబడ్డాను. అటు గోడ, ఇటు వాడు, మధ్యలో నేను. వాడు పక్కకి చూశాడు.

"ఆ స్పాంజి నేను కడిగాన్రా."

"ఏ స్పాంజి?"

"మొదటిది. బ్లీచుతో."

లేచాడు. కొడతాడేమో అనిపించింది, కొడితే బాగుండు అనిపించింది. వాడు గోడ మీది కాగితం దగ్గరికి వెళ్లి పెన్సిలు తీశాడు. ఎప్పుడు మొదలుపెట్టావన్నాడు. పదమూడున. తర్వాత? పదిహేడున. ఆ తర్వాత రెండుసార్లో మూడుసార్లో. చివర్లో? చివర్లో రోజూ. ఎన్ని గంటలకి? ఐదింటికి. బ్లీచు ఎంత, నీళ్లెంత, ఎంతసేపు. అన్నీ చెప్పాను. ప్రతి జవాబూ తను రాసుకున్న తారీకు పక్కన రాశాడు. నీళ్లు మసక, దాని పక్కన. వాసన, దాని పక్కన. కళ్లు వాచాయి, దాని పక్కన. ఒక్కొక్కటే జత కలుస్తుంటే వాడి పెన్సిలు ఆగి ఆగి నడిచింది. విచారణలో వీడిని ఇలాగే అడిగి ఉంటారు. అప్పుడు వీడి దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

చివరికి అడిగాడు.

"నీ వల్లేనని నీకెప్పుడు తెలిసింది?"

"రెండో తారీకు."

"తొమ్మిది రోజులు."

"అవును."

"నువ్వే చేసి, మేత ఎక్కువేశానని నన్నన్నావు. నేను దాన్ని చేతిలో పెట్టుకుని ఏడుస్తుంటే చూశావు. చూసి కూడా..."

పెన్సిలు నేలకేసి కొట్టాడు. అది ఎగిరి ఎక్కడికో పోయింది. వాడి గొంతు నేను ఎప్పుడూ వినలేదు అలా. పెద్దదానివని ఇన్నాళ్లూ నోరెత్తలేదన్నాడు. ఏ పని చేసినా వెనకాల వచ్చి మళ్లీ చేస్తావు, మడిచిన దుప్పటి మళ్లీ మడుస్తావు, కడిగిన గ్లాసు మళ్లీ కడుగుతావు, నా చేతుల మీద నాకు నమ్మకం పోయిందని ఏడుస్తుంటే నీకు అసలు ఎప్పుడుందది అన్నాడు. నేను నిలబడి విన్నాను. అన్నీ నిజాలే.

అరిచి అరిచి ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు మామూలు గొంతుతో, నావైపు చూడకుండా అన్నాడు.

"ఆ బిల్డింగులో కూడా ఎవడో ఒకడికి తెలుసు. తీగ తీసినవాడికి తెలుసు. ఏడు నెలల పైనైంది. ఒక్కడు వచ్చి, నేను చేశానని అనలేదక్కా. నువ్వన్నావు."

నేను నోరు తెరవబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంకేం మాట్లాడకు. ఇంకెప్పుడూ నా పని ముట్టుకోకు."

సెప్టెంబరు 12

మాట్లాడడం లేదు. నేను వడ్డిస్తే తినడు, తనే పెట్టుకుని తింటాడు. మా ఆయనకి సంగతంతా చెప్పాను. బ్లీచు అప్పుడే అనుకున్నాను అన్నారు. మరి అడగలేదేం అంటే, నీ మొహం చూసి భయమేసింది అన్నారు.

సెప్టెంబరు 13

కాగితం గోడ మీద నుంచి తీశాడు. కొత్తది అతికించాడు. పైకి ఒక్కదానికే. మొదటి వరుసలో నీటి వేడి రాశాడు.

ఇవాళ ఫోన్లో బోల్టుతో చాలాసేపు మాట్లాడాడు, పెరట్లో నిలబడి. నేను కిటికీ దగ్గరికి పోలేదు. పోవాలనిపించింది. పోలేదు.

సెప్టెంబరు 14

మాట్లాడలేదు.

సెప్టెంబరు 15, సోమవారం

సెలవు పెట్టాను, ఏం జరిగినా ఇంట్లో ఉందామని. ఏడుకి స్నానం చేసి వచ్చాడు. కంపెనీ చొక్కా వేసుకున్నాడు. ఇస్త్రీ వాడే చేసుకున్నాడు, కాలరు దగ్గర సరిగ్గా రాలేదు. నా చేతులు కదిలాయి, వెనక్కి పెట్టుకున్నాను. బయట బోల్టు బండి హారన్ కొట్టాడు.

వాడు పైకికి మేత వేసి, చేతులు కడుక్కుని, సంచి విప్పాడు. తీగ ముక్కలు బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ వేలితో తోస్తూ లెక్కపెట్టాడు. పన్నెండు. అట్ట మీద పన్నెండు అని రాసి సంచిలో పెట్టుకున్నాడు. బావకి వెళ్లొస్తానని చెప్పాడు. నాకు చెప్పలేదు. నా పక్క నుంచే, చొక్కా చెయ్యి నాకు తగిలేంత దగ్గరగా వెళ్లి, తలుపు ఠపీమని వేసిపోయాడు. కిటికీ అద్దాలు అదిరాయి.

మా ఆయన నన్ను ఓదార్చబోయారు. ఓదార్చడానికేముంది. ఇన్నాళ్లూ వాడు తలుపు వేస్తే చప్పుడయ్యేది కాదు. ఇన్నాళ్లూ వాడి కోపమంతా వాడి మీదే. ఇవాళ నా మీద కోపంతో పనికి పోయాడు. ఎన్నాళ్లు మాట్లాడకపోయినా సరే, నేను భరిస్తాను.